పాఠం 14: వీధి బాగుపడాలి – ఎవరి కోసం?

14.0 ఉపోద్ఘాతం

మీ ఊళ్ళోని పెద్దబజారును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. పొద్దున పదిన్నరకు అక్కడ ఏం కనిపిస్తుంది? బట్టల కొట్టు ముందు ఆగిన ఆటో, దాని పక్కన పండ్ల తోపుడు బండి, రోడ్డు మధ్యలో సరుకు దించుతున్న లారీ, వీటి మధ్య నుంచి పిల్లవాడి చెయ్యి పట్టుకుని దారి చూసుకుంటూ పోతున్న తల్లి. "ఈ రోడ్డు ఎప్పటికి బాగుపడుతుందో!" అని మీరూ ఎన్నోసార్లు అనుకునే ఉంటారు.

ఒకరోజు మునిసిపాలిటీ వాళ్ళు టేపు పట్టుకుని వస్తారు. గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెడతారు. అంతవరకు అందరూ కోరుకున్న పనే ఆ రోజు నుంచి తగవుగా మారుతుంది. రోడ్డు బాగుపడాలని అందరూ అంటారు. కాని 'బాగు' అంటే ఏమిటో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు.

ఈ పాఠంలో ఢిల్లీలోని చాందినీ చౌక్ వీధి విషయంలో జరిగిన చర్చను తెలుసుకుందాం. ఆ తరువాత, అలాంటి చర్చ మన ఊళ్ళో వస్తే మనం ఎలా ఆలోచించాలో, ఎలా మాట్లాడాలో, ఎలా రాయాలో నేర్చుకుందాం.

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక వీధిని ఎవరెవరు ఏయే అవసరాలకు వాడుకుంటారో చెప్పగలుగుతారు;
• ఒకే పథకాన్ని వేరువేరు వర్గాలవారు ఎందుకు వేరుగా చూస్తారో వివరించగలుగుతారు;
• ఒక వాదనలో నిజాన్ని, అభిప్రాయాన్ని, భయాన్ని విడదీసి గుర్తించగలుగుతారు;
• మునిసిపల్ కార్యాలయానికి అభ్యంతరాలు, సూచనలు తెలిపే లేఖ రాయగలుగుతారు.

14.2 వెన్నెల వీధి

మొగలు చక్రవర్తి షాజహాను 1639లో ఢిల్లీలో ఎర్రకోట కట్టడం ప్రారంభించాడు. కోటతో పాటు షాజహానాబాదు అనే కొత్త నగరం వెలిసింది. కోట ఎదుటి పెద్దబజారును 1650 ప్రాంతంలో చక్రవర్తి కూతురు జహనారా ఏర్పాటు చేయించింది. వీధి మధ్యలో కాలువ పారేది. ఒకచోట చౌకులో కొలను ఉండేది. ఆ నీళ్ళలో వెన్నెల మెరిసేది కనుకనే 'చాందినీ చౌక్' అన్న పేరు వచ్చిందని చెప్తారు.

కాలంతో పాటు వీధి మారుతూ వచ్చింది. కాలువ పూడిపోయింది. 1908లో ఢిల్లీకి ట్రాము బండ్లు వచ్చాయి. 1963లో అవి ఆగిపోయాయి. తరువాత కార్లు, స్కూటర్లు, సరుకు బండ్లు పెరిగాయి. ఎర్రకోట వైపు నుంచి ఫతేపురీ మసీదు వరకు ఉన్న ఈ వీధి పొడవు సుమారు 1.3 కిలోమీటర్లు. ఇంత కొద్ది దూరంలోనే జైన మందిరం, గౌరీశంకర మందిరం, సీస్‌గంజ్ గురుద్వారా, చర్చి, మసీదులు ఉన్నాయి. వెండి నగలకు దరీబా, పెళ్ళి అంచులకు, జరీకి కినారీ బజారు, పుస్తకాలకు నయీ సడక్, మసాలా దినుసులకు ఖారీ బావలీ – ఇలా ఒక్కొక్క సందు ఒక్కొక్క సరుకుకు పేరుపడింది.

అంటే ఇది ఒక్క వీధి కాదు. గుడికి వెళ్ళేవారికి దారి, కొనేవారికి బజారు, మోసేవారికి కూలి దొరికే చోటు, సందుల్లో కాపురమున్న వారికి ఇంటి వాకిలి. ఇన్ని పనులు చేసే వీధిని ఎలా మార్చినా ఎవరికో ఒకరికి తగులుతుంది. ఈ విషయం గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం.

14.3 పథకం ఏమిటి?

పాత ఢిల్లీ బాగోగులు చూడటానికి 2008లో షాజహానాబాదు పునరభివృద్ధి సంస్థ ఏర్పడింది. చాలా ఏళ్ళ చర్చల తరువాత, 2018 డిసెంబరులో వీధి పనులు మొదలయ్యాయి. 2020 మార్చికి ముగించాలనుకున్నారు. ఆలస్యాలు, కోవిడ్ కారణంగా గడువు జరిగింది. చివరకు 2021 సెప్టెంబరు 12న కొత్త వీధిని ప్రారంభించారు.

పథకంలోని ముఖ్యాంశాలు ఇవి:
(అ) ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. అంబులెన్సు, అగ్నిమాపక యంత్రం వంటి అత్యవసర వాహనాలకు మినహాయింపు ఉంది.
(ఆ) నడిచేవారికి వెడల్పయిన బాటలు వేశారు. కూర్చోవడానికి చోటు కల్పించారు.
(ఇ) తలమీద వేలాడే కరెంటు తీగలను భూమిలోకి దించారు.
(ఈ) పగటివేళ సైకిల్ రిక్షాలు మాత్రం నడవవచ్చు.

పాఠగత ప్రశ్నలు – 1
1. చాందినీ చౌక్ బజారును ఎవరు ఏర్పాటు చేయించారు?
2. మోటారు వాహనాల నిషేధం ఏ వేళల్లో వర్తిస్తుంది?
3. ఆ వీధిని వాడుకునే నాలుగు రకాల వ్యక్తులను చెప్పండి.

14.4 ఎవరు ఏమన్నారు?

ఇప్పుడు ఒక్కొక్కరి పక్షాన నిలబడి చూద్దాం. మీరు ఏ పక్షంలో ఉన్నా సరే, మిగిలిన పక్షాలను కూడా ఓపికగా చదవండి.

నడిచేవారు: బజారుకు వచ్చేవారిలో చాలామంది కాలినడకనే వీధిలో తిరుగుతారు. చాందినీ చౌక్ మెట్రో స్టేషను 2005లోను, లాల్ కిలా స్టేషను 2017లోను వచ్చిన తరువాత కారు లేకుండా రావడం తేలికయింది. "నడిచేవాళ్ళం ఇంతమంది ఉంటే, చోటంతా బండ్లకెందుకు?" అన్నది వీరి ప్రశ్న.

కొట్ల యజమానులు: వీరిలో రెండు రకాల మాటలు వినిపించాయి. జనం హాయిగా నడిస్తే బేరాలు పెరుగుతాయని కొందరు అన్నారు. మరికొందరు భయపడ్డారు. పెళ్ళి బట్టలు కొనడానికి కుటుంబమంతా కారులో వస్తుంది. కారు ఆపే చోటు దూరమైతే వాళ్ళు వేరే బజారుకు పోరా? టోకు వ్యాపారానికి సరుకు ఎక్కించాలి, దించాలి. రాత్రి 9 దాటాక ఆ పని చేయాలంటే కూలీలకు ఎక్కువ ఇవ్వాలి, మనిషి కాపలా ఉండాలి. ఇవి ఊరికే పెట్టిన పేచీలు కావు. కొట్టు నడిపే ఎవరికైనా వచ్చే లెక్కలే.

సందుల్లో కాపురమున్నవారు: "ముసలి తండ్రిని పగటిపూట ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఎలా? అంబులెన్సు వస్తుంది సరే, ప్రతిదానికీ అంబులెన్సును పిలవలేం కదా" అన్నది వీరి ఇబ్బంది.

రిక్షా కార్మికులు: వీరి సంగతి కొంచెం వివరంగా చూడాలి. 2007లో ఇదే వీధిలో సైకిల్ రిక్షాలను నిషేధించారు. రద్దీకి రిక్షాలే కారణమన్నారు. అప్పట్లో ఢిల్లీలో రిక్షా లైసెన్సుల సంఖ్యకు 99,000 అని పరిమితి కూడా ఉండేది. దీని మీద ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్ళింది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ పరిమితి చెల్లదని తీర్పు చెప్పింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 2007లో వీధికి అడ్డమని గెంటివేసిన రిక్షాయే, 2021లో అదే వీధికి అనుమతి ఉన్న బండి అయింది. ఈ పద్నాలుగేళ్ళలో రిక్షా మారలేదు. అవే మూడు చక్రాలు, అదే తొక్కుడు. మరి మారిందేమిటి? అడిగిన ప్రశ్న మారింది. "ఈ వీధిలో బండ్లు ఎంత వేగంగా పోగలవు?" అని అడిగితే రిక్షా అడ్డంగానే కనిపిస్తుంది. "ఈ వీధిలో ఎంతమంది మనుషులు సుఖంగా తిరగగలరు?" అని అడిగితే, పొగ వదలకుండా, తక్కువ చోటులో ఇద్దరిని తీసుకుపోయే అదే రిక్షా ఆధారంగా కనిపిస్తుంది. కాబట్టి ఏ పథకం గురించి విన్నా, అది ఏ ప్రశ్నకు జవాబుగా తయారయిందో ముందు కనుక్కోండి.

వీధి వ్యాపారులు: రిక్షావారికి దొరికిన చోటు వీరికి దొరకలేదు. ఈ ప్రధాన వీధి వీధి వ్యాపారం నిషిద్ధమైన ప్రాంతమని, కొత్త బాటల మీద వారు కూర్చోకూడదని కొట్ల యజమానుల సంఘం పట్టుబట్టింది. వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. వీధి వ్యాపారులను అక్కడ కూర్చోనివ్వరాదన్న నియమం అమలులోకి వచ్చింది. నడిచేవారికి దారి కావాలన్న మాట నిజమే. అయితే నడిచేవారికే చవకగా రుమాళ్ళు, దువ్వెనలు, చాట్ అమ్మి బతికే మనిషికి, వీధి అందంగా తయారైన రోజే కూటి దారి మూసుకుపోయింది.

కొత్త వీధి ప్రారంభమైన తరువాత కూడా చర్చ ముగియలేదు. నిషేధ వేళల్లో స్కూటర్లు దూరుతున్నాయని, కట్టినవాటి నిర్వహణ సరిగా లేదని పత్రికలలో ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. రోడ్డు వేయడం ఒక పని. దాన్ని నిలుపుకోవడం రోజూ చేయవలసిన పని.

ఇలాంటి చర్చలు ఢిల్లీకే పరిమితం కాదు. హైదరాబాదులో చార్మినారు చుట్టూ వాహనాలను ఆపి నడిచేవారికి వదిలే పథకం మీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు సాగాయి. చెన్నైలో తెలుగువారికి బాగా పరిచయమైన టి.నగర్ పాండీబజారు వీధిని 2019లో విశాలమైన నడకబాటలతో మార్చినప్పుడు, పార్కింగు ఎక్కడన్నదే వ్యాపారుల మొదటి ప్రశ్న అయింది.

పాఠగత ప్రశ్నలు – 2
4. సరుకు రవాణా విషయంలో కొట్ల యజమానుల ఇబ్బంది ఏమిటి?
5. రిక్షా లైసెన్సుల పరిమితిపై 2010లో హైకోర్టు ఏమని తీర్పు చెప్పింది?
6. కొత్త వీధి వల్ల వీధి వ్యాపారులకు కలిగిన నష్టం ఏమిటి?

14.5 చట్టం ఏమంటుంది?

పెద్దవాళ్ళు నిర్ణయించేశారు, మనం అడిగేదేముంది అని చాలామంది ఊరుకుంటారు. కాని అడిగే హక్కు మనకు చట్టమే ఇచ్చింది.

• 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పట్టణ ప్రణాళిక, రోడ్లు మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేరాయి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలి.

• సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పథకం నక్షా, అంచనా ఖర్చు, గడువు – ఇవన్నీ దరఖాస్తు పెట్టి అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

• వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దీని ప్రకారం ప్రతి పట్టణంలో వీధి వ్యాపార కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే కావాలి. ఆ ప్రతినిధులలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. చోటు మార్చాలన్నా, తొలగించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పని జరగదు. కమిటీలు ఏర్పడనిచోట, సర్వే జరగనిచోట వీధి వ్యాపారులు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తోంది. అందుకే చట్టం తెలిసి ఉండటం ఎంత అవసరమో, పదిమంది కలిసి అడగటం కూడా అంతే అవసరం.

14.6 వాదనను తూచడం

చర్చలో వినిపించే మాటలు మూడు రకాలు. విచారిస్తే తేలేది నిజం. ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పేది అభిప్రాయం. ఇంకా జరగనిదాని గురించిన ఆందోళన భయం. భయం తప్పు కాదు. కాని దాన్ని నిజమని చెప్పకూడదు. ప్రశ్నగా మార్చి అడగాలి.

కింది సంభాషణ ఊహించి రాసినది. ఒక చిన్న పట్టణంలో మెయిన్ రోడ్డు మీద మాట్లాడుకుంటున్నది బట్టల కొట్టు యజమాని, ఆ కొట్టు మెట్ల పక్కన పూలమ్మే ముసలామె.

యజమాని: పెద్దమ్మా, గుర్తులు పెట్టి పోయారు చూశావా? నా అరుగు మొత్తం పోతుంది.

పూలామె: చూశాను బాబూ. మీకు అరుగు పోతే కొట్టు మిగులుతుంది. నాకు ఈ మెట్టు పోతే ఏం మిగులుతుంది?

యజమాని: అది కాదు, రోడ్డు వెడల్పయితే బేరాలు పెరుగుతాయట.

పూలామె: ఎవరన్నారు?

యజమాని: అందరూ అంటున్నారు.

పూలామె: అందరూ అంటే నాకు తెలియదు బాబూ. బండ్లు జోరుగా పోతే పూలకు ఎవరాగుతారు? ముప్పై ఏళ్ళుగా ఇక్కడే కూర్చున్నాను. ఆడవాళ్ళు నడిచివస్తేనే నా బుట్ట ఖాళీ అవుతుంది.

యజమాని: నిజమే పెద్దమ్మా. నా కొట్టుకూ నడిచివచ్చేవాళ్ళే ఎక్కువ. రేపు వార్డు మీటింగు ఉంది. నువ్వూ రా.

పూలామె: నేనొచ్చి ఏం మాట్లాడను?

యజమాని: ఇప్పుడు నాతో అన్నదే అక్కడ అను.

ఈ సంభాషణను మళ్ళీ ఒకసారి చదవండి. "ముప్పై ఏళ్ళుగా ఇక్కడే కూర్చున్నాను" అన్నది విచారించి తేల్చగల నిజం. "బేరాలు పెరుగుతాయట" అన్నది విన్న మాట. దానికి ఆధారం లేదు. "పూలకు ఎవరాగుతారు?" అన్నది భయం. అయితే ఆ భయం వెనుక ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. ఇంకో సంగతి గమనించారా? మొదట ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మాట్లాడుకున్న కొద్దీ ఇద్దరికీ కావలసింది నడిచివచ్చే మనిషేనని తేలింది. మంచి చర్చ వల్ల కలిగే లాభం ఇదే.

14.7 లేఖ రాద్దాం

మీటింగులో అన్న మాట గాలికి పోవచ్చు. కాగితం మీద రాసి, అందినట్లు సంతకం తీసుకున్న మాటకు నిలకడ ఉంటుంది. లేఖలో నాలుగు విషయాలు ఉండాలి: మీరు ఎవరు, మీకు తెలిసిన నిజం ఏమిటి, మీ ఇబ్బంది ఏమిటి, మీరు కోరేది ఏమిటి. కోపంగా రాస్తే మీ కోపమే గుర్తుంటుంది. మీ కోరిక గుర్తుండదు.

మాదిరి లేఖ

మునిసిపల్ కమిషనరు గారికి,

విషయం: మెయిన్ రోడ్డు అభివృద్ధి పథకం – సూచనలు, అభ్యంతరాలు.

అయ్యా,

మేము మెయిన్ రోడ్డులో పూలు, పండ్లు, కూరగాయలు అమ్ముకుని జీవించేవాళ్ళం. రోడ్డు బాగుచేయడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. వానాకాలంలో మోకాటి లోతు నీళ్ళలో కూర్చునేది మేమే.

పథకం నక్షాలో మేము కూర్చునే చోటు చూపించలేదు. పని మొదలుపెట్టే ముందు దయచేసి:
1. నక్షాను వార్డు కార్యాలయంలో తెలుగులో ప్రదర్శించండి.
2. మా సర్వే పూర్తిచేసి, మాకు ధ్రువపత్రాలు ఇప్పించండి.
3. నడిచేవారికి అడ్డం కాకుండా, నడకబాట పక్కన మాకు కొలిచి గీసిన చోటు కేటాయించండి.
4. పని జరిగే రోజులలో మాకు తాత్కాలికంగా చోటు చూపండి.

ఈ లేఖ అందినట్లు రసీదు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు
(పేర్లు, సంతకాలు, తేదీ)

ఈ లేఖలో 'వద్దు' అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. "ఇలా చేయండి" అని ఉంది. మూడో కోరికలో నడిచేవారి ఇబ్బందిని కూడా రాసినవాళ్ళే ఆలోచించారు. ఎదుటివారి అవసరాన్ని ముందే గుర్తించిన లేఖను పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

14.8 మీరు నేర్చుకున్నది

• వీధి కేవలం బండ్ల దారి కాదు. అది బజారు, పనిచోటు, ఇంటి వాకిలి కూడా.
• చాందినీ చౌక్ మార్పు నడిచేవారికి, రిక్షాలకు చోటిచ్చింది. వీధి వ్యాపారులకు చోటు ఇవ్వలేదు. కాబట్టి ఒకే పథకం కొందరికి మేలు, మరికొందరికి నష్టం చేయవచ్చు.
• పథకం ఏ ప్రశ్నకు జవాబుగా తయారయిందో చూడాలి. ప్రశ్న మారితే పథకం మారుతుంది.
• ఎవరికి నష్టమో పని మొదలవక ముందే అడగాలి. రాళ్ళు పరిచాక అడిగితే వినేవారు తక్కువ.
• నిజం, అభిప్రాయం, భయం వేరుచేసి మాట్లాడాలి, రాసి ఇవ్వాలి.

14.9 పదాలు – అర్థాలు

పునరభివృద్ధి: పాతదానిని తిరిగి బాగుచేయడం
నక్షా: పటం, ప్లాను
టోకు: పెద్ద మొత్తంలో జరిగే అమ్మకం
వాదోపవాదాలు: ఒకరి మాటకు మరొకరు బదులు చెప్తూ సాగే చర్చ
ధ్రువపత్రం: నిజమని తెలిపే అధికారిక కాగితం

14.10 పాఠాంత ప్రశ్నలు

1. "రిక్షా మారలేదు, అడిగిన ప్రశ్న మారింది." ఈ మాటను మీ సొంత వాక్యాలలో వివరించండి.
2. చాందినీ చౌక్‌లో వీధి వ్యాపారులకు కూడా చోటు ఇచ్చి ఉండవలసిందా? రెండు పక్షాల వాదనలు రాసి, ఆ తరువాత మీ అభిప్రాయం చెప్పండి.
3. మీ బజారులో ఒక గంట నిలబడండి. నడిచేవారు, సైకిళ్ళు, స్కూటర్లు, కార్లు ఎన్ని పోయాయో లెక్క రాసుకోండి. ఆ లెక్కను బట్టి ఎవరికి ఎంత చోటు ఉండాలో అయిదు వాక్యాలలో రాయండి.
4. మీ వీధిలోని ఒక సమస్య గురించి మునిసిపల్ లేదా పంచాయతీ కార్యాలయానికి లేఖ రాయండి. రాసిన తరువాత ఇంట్లోవారికి చదివి వినిపించండి. వారికి అర్థం కాని వాక్యాన్ని మళ్ళీ రాయండి.

14.11 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. షాజహాను కూతురు జహనారా.
2. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు.
3. నడిచేవారు, కొట్ల యజమానులు, రిక్షా కార్మికులు, సందుల్లో కాపురమున్నవారు. (వీధి వ్యాపారులు, కూలీలు, గుడికి వెళ్ళేవారు అని రాసినా సరైనదే.)
4. సరుకు ఎక్కించడం, దించడం రాత్రి 9 తరువాతే చేయాలి. అందువల్ల కూలి ఖర్చు, కాపలా భారం పెరుగుతాయి.
5. 99,000 అన్న పరిమితి చెల్లదని తీర్పు చెప్పింది.
6. వీధిలో కూర్చుని అమ్ముకునే చోటును, దానితో పాటు జీవనాధారాన్ని కోల్పోయారు.